ఉల్లిగడ్డల బుట్టలో పూలగడ్డ

“ఏమండీ, ఈ ఉల్లిగడ్డ కోస్తుంటే కళ్లు మండడం లేదేమిటి?”

గత పుష్యమాసంలో ఒక ఉదయం నా శ్రీమతి వంటింటి నుండి అడిగిన ఈ ప్రశ్నకు నేను పత్రిక పక్కన పడవేసి పరుగున వెళ్లాను. కత్తిపీట ముందు నిలువునా రెండు చెక్కలైన గడ్డ ఉన్నది. పొయ్యి మీద ఉప్మాకు తాలింపు వేగుతున్నది. అది ఉల్లిగడ్డ కాదు. పెరటిలో నేనే తవ్వి తీసి, నీడలో ఆరబెట్టి, గాలి తగులుతుందని ఉల్లిగడ్డల బుట్టలో ఒక మూలన ఉంచిన అమరిల్లిస్ లిల్లీ గడ్డ. పదవీ విరమణ చేసిన వైద్యుని ఇంట్లో జరిగిన సంగతి ఇది.

పాఠకులారా, మీలో చాలామంది ఇళ్లలోనూ పూలగడ్డలు ఉంటాయి. కనుక సిగ్గు విడిచి చెబుతున్నాను.

గడ్డ అంటే మొక్క తనకోసం దాచుకొన్న చద్దిమూట. పూత ముగిసిన తరువాత ఆకులు అందంగా లేవని కోసివేయడం మనం సాధారణంగా చేసే తప్పు. వచ్చే ఏటి పూతకు కావలసిన ఆహారాన్ని వండిపెట్టేవి ఆ ఆకులే. అవి పసుపుబారి వాలేవరకు ఓపిక పట్టాలి. నేలసంపెంగ గడ్డలను 5 నుండి 7 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంతో, ఎండ తగిలే చోట నాటితే మూడు నాలుగు నెలలలో పూలకాడ వేస్తుంది. అమరిల్లిస్‌ను మాత్రం పూర్తిగా పూడ్చకూడదు. దాని మెడ మన్నుపైన కనబడుతూ ఉండాలి. వాన లిల్లీలకు, మే నెలలో ఎర్రని బంతివలె పూచే ఫుట్‌బాల్ లిల్లీకి ఇంత శ్రద్ధ అక్కరలేదు, తొలి జల్లు చాలు. నీరు నిలిస్తే మాత్రం ఏ గడ్డ అయినా కుళ్లుతుంది. (కుండీ కింది పళ్లెంలో నీరు నిలిస్తే డెంగ్యూ దోమ కూడా పుడుతుంది. ఈ మాట అనకుండా ఉండలేను, వృత్తి అటువంటిది.)

తవ్వి తీసిన గడ్డకు తడిలేని, గాలి ఆడే చోటు కావాలి. ఉల్లిగడ్డకు కావలసినదీ అదే. చిక్కంతా ఇక్కడే ఉన్నది. అమరిల్లిస్, వాన లిల్లీ గడ్డలలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. తింటే వికారం, చొల్లు కారడం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. వండినంత మాత్రాన అది తినదగినది కాదు. ఆ గడ్డలను ముట్టుకొన్నప్పుడు కొందరికి చేతులు దురద పెడతాయి కూడా.

అంతకంటె ప్రమాదకరమైనది అగ్నిశిఖ. కొన్ని చోట్ల దానినే అడవినాభి అంటారు. తమిళనాడు రాష్ట్రపుష్పం, జ్వాలవంటి ఆ పూవును చూచి ఇష్టపడనివారు ఉండరు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, దాని దుంపను చిలగడదుంప అనుకొని ఉడికించి తిన్న అన్నదమ్ములిద్దరిని మా ఆసుపత్రికి తెచ్చారు. మొదటి రోజు వాంతులు, విరేచనాలు. మరునాడు కొంత తేరుకొన్నట్లు కనిపించారు. వారి తల్లి నాకు చేతులెత్తి దండం పెట్టింది. మూడవనాడు పెద్దవాడికి మూత్రపిండాలు పనిచేయడం మానివేశాయి. అతడు దక్కలేదు. చిన్నవాడు బ్రతికాడు కాని, రెండు వారాలకు తలవెంట్రుకలన్నీ రాలిపోయాయి. దానిలోని విషం కాల్చిసిన్. దానినే కొలిచిన మోతాదులో గౌట్ కీళ్లనొప్పికి మేము రాస్తాము. విషమైనప్పుడు ఇవ్వడానికి మా చేతిలో విరుగుడు మందు లేదు. ఆ తల్లి పెట్టిన దండం నాకిప్పటికీ గుర్తున్నది. అది తెలిసి కూడా నేను గడ్డను ఆ బుట్టలో పెట్టాను.

ఎవరైనా పొరపాటున తింటే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. లక్షణాలు కనబడేవరకు వేచి ఉండకండి. 108కి ఫోన్ చేయండి. మిగిలిన గడ్డముక్కను సంచిలో వేసి వెంట తీసుకువెళ్లండి. ఏది తిన్నారో తెలిస్తే వైద్యునికి సగం పని తేలిక. కళ్లు మండడం లేదని, ఘాటు వాసన లేదని అనుమానం వచ్చినప్పుడు రుచి చూచి తేల్చుకోవద్దు.

ఇప్పుడు మా పూలగడ్డలు మేడమీది గదిలో, పేరు రాసిన అట్టపెట్టెలో ఉంటున్నాయి. ఆనాటి రెండు చెక్కలకూ అడుగున వేరు పుట్టే భాగం మిగిలి ఉన్నందున ఇసుక కలిపిన మన్నులో నాటాను. ఒకటి కుళ్లిపోయింది. రెండవదానికి రెండు పిల్లగడ్డలు వచ్చాయి. అవి పూయడానికి రెండు మూడేళ్లైనా పడుతుంది.