ఆడాసిటీ వెర్షన్లు, మన పెద్దోళ్ల గొంతులు

చిలకలపూడి హాస్టల్ నుంచి రాస్తున్నాం.

మన ఎరుకల భాషకి సొంత లిపి లేదు. మాకు కుర్రు అర్థమవుద్ది గానీ నోరు తిరగదు. మా ఇళ్లల్లో ధారాళంగా మాట్లాడేది మామ్మలు, తాతలే. అందుకే సెలవులకి వెళ్లినప్పుడల్లా వాళ్ల కతలు, పాటలు ఫోన్లో రికార్డు చేసుకొస్తున్నాం. వాటిని సరిచేయడానికి ఆడాసిటీ వాడుతున్నాం, పైసా కట్టక్కర్లేదు కాబట్టి. దాని వెర్షన్ల చరిత్ర చూస్తే మన పనికి అక్కరకొచ్చే సంగతులు కనబడ్డాయి.

1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టారు. 2000 మే నెలలో 0.8 వెర్షన్‌గా జనంలోకి వచ్చింది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు.

2 వెర్షన్ల దాకా ప్రాజెక్టు అంటే ఒక్క ఫైల్ కాదు. చిన్న ఏయూపీ ఫైల్, దాని పక్కనే డేటా ఫోల్డర్ ఉండేవి. గొంతంతా ముక్కలు ముక్కలుగా ఆ ఫోల్డర్లోనే ఉంటది. ఏయూపీ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే వినడానికి ఏమీ ఉండదు. 2021 మార్చిలో వచ్చిన 3.0లో అంతా కలిపి ఏయూపీ3 అనే ఒకే ఫైల్ అయింది. పాత ప్రాజెక్టు కొత్త దాంట్లో తెరుచుకుంటది, కొత్తది మాత్రం పాత దాంట్లో తెరుచుకోదు. ల్యాబ్‌లో ఒక వెర్షన్, సీనియర్ అన్న లాప్‌టాప్‌లో ఇంకో వెర్షన్ ఉంటే ముందే చూసుకోండి.

ఇంకా పెద్ద సంగతి కత్తిరింపు. అన్‌డూ ఎన్నిసార్లైనా కొట్టొచ్చు, కానీ ప్రాజెక్టు మూసేదాకానే. సేవ్ చేసి మూసేస్తే కోసింది పోయినట్టే. 3.1లో ఈ పద్ధతి మారింది. క్లిప్ అంచు పట్టుకుని లోపలికి జరిపితే ఆ భాగం దాక్కుంటది, బయటికి లాగితే తిరిగొస్తది. 2022లో 3.2 వచ్చాక కొన్ని ఎఫెక్టులు వింటూనే వేసుకోవచ్చు, తీసేయొచ్చు, అసలు గొంతు చెక్కుచెదరదు. నాయిస్ రిడక్షన్ మాత్రం అందులో లేదు, అది గొంతునే మార్చేస్తది.

అంటే ఇరవై ఏళ్లు దాటాక ఆ ప్రోగ్రామ్ కూడా అసలుది చెడగొట్టకుండా పని చేసే దారిలోకి వచ్చింది. మనం మొదటి రోజు నుంచే ఆ దారిలో ఉండొచ్చు.

మాలో కొందరు స్టేటస్‌కి బాగుంటదని దగ్గు, కోళ్ల అరుపు, మధ్యలో ఆగిన చోట్లు తీసేద్దామంటారు. స్టేటస్ కోసం కాపీలో తీసేయండి, తప్పులేదు. కానీ మామ్మ ఆగి, ఆలోచించి, మరిచిపోయిన మాట మళ్లీ అందుకుంటది చూడండి, ఆ ఖాళీ కూడా మన భాషే. రేపు మన పిల్లలు అది వినాలి.

కాబట్టి ఫోన్లో వచ్చిన అసలు ఫైల్ ముట్టుకోవద్దు. కాపీ మీదే పని చేయండి. అయిపోయాక దాచుకోవడానికి వేవ్ ఫైల్, వాట్సాప్‌కి ఎంపీ3 చేసుకోండి. ఎంపీ3 సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత వదిలేస్తది. ఏయూపీ3 ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2021లో ఆడాసిటీ మ్యూజ్ గ్రూప్ చేతికి వెళ్లింది. ప్రోగ్రామ్‌లు చేతులు మారతాయి, వెర్షన్లు మారతాయి. మామ్మ గొంతు వాటి మీద ఆధారపడకూడదు.

ఫైల్ పేరులో ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అని రాయండి. రెండు చోట్ల దాచండి. గ్రూపులో పెట్టేముందు మాత్రం ఆ పెద్దోళ్లని అడగండి.