ఈటె విసిరిన కుర్రాడు

సినిమా చూసి నవ్వినందుకు ఆ తర్వాతెప్పుడో సిగ్గుపడ్డారా మీరు? నేను పడ్డాను.

1984లో విడుదలైన అమెరికన్ చిత్రం 'రివెంజ్ ఆఫ్ ది నెర్డ్స్'ని నా డిగ్రీ రోజుల్లో హాస్టల్లో చూశాం. ఆరుగురం ఒకే కంప్యూటరు ముందు! అందులో కాలేజీ పుస్తకాల పురుగుల్ని ఏ ఫ్రెటర్నిటీ దగ్గరకు రానివ్వదు. చివరికి ఓ నల్లజాతి ఫ్రెటర్నిటీ పేరుతో వాళ్ళే ఓ బృందం పెట్టుకుంటారు.

ఇంతకీ ఫ్రెటర్నిటీ అంటే ఏవిటంటారా? మన హాస్టలూ, స్నేహబృందమూ, కొంచెం కులసంఘమూ కలిసినట్టుంటుంది. గ్రీకు అక్షరాల పేరు, ఉమ్మడి ఇల్లు, రహస్య ప్రమాణాలు, జీవితాంతం 'బ్రదర్' అన్న పిలుపు! చేరాలంటే మాత్రం లోపలివాళ్ళు ఒప్పుకోవాలి. గ్రీకు అక్షరాల ఆనవాయితీ 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో మొదలైంది. తలుపులు మూసుకున్నకొద్దీ బయటివాళ్ళు సొంత ఇళ్ళు కట్టుకున్నారు. యూదు విద్యార్థులు 1898లో జీటా బీటా టౌ, నల్లజాతి విద్యార్థులు 1906లో కోర్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. 1986లో వాషింగ్టన్‌లో గే యువకులు డెల్టా లామ్డా ఫై స్థాపించారు.

ఆ చిత్రంలో లమార్ అనే పాత్ర ఉంది. లారీ బి. స్కాట్ వేశాడు. నల్లజాతి కుర్రాడు, గే. మణికట్టు వాల్చి విసిరే అతని తీరుకు సరిపోయేట్టు మిత్రులు ప్రత్యేకంగా ఓ ఈటె తయారుచేస్తారు. అదెంతో దూరం పోయి పడుతుంది! మేం పొట్ట పట్టుకుని నవ్వాం. మా రూమ్మేటు ఒకడి నడక కాస్త సుకుమారం. మర్నాటినుంచి వాడికి 'లమార్' అని పేరు. పెట్టింది నేనే!

2018 సెప్టెంబరు 6న, ఇష్టపడి కలిసిన వయోజనులకు 377వ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రాత్రి, వాడు ఫోన్ చేశాడు.

"తీర్పు చూశావురా? నా గురించే అది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ సినిమా రాత్రి గుర్తొచ్చి, సారీ చెప్పబోయాను.

"ఆ రోజు నేనూ నవ్వాను కదరా. మీ అందరికంటే గట్టిగా నవ్వాను, కనిపెట్టలేదూ?" అన్నాడు వాడు.

కనిపెట్టలేదు. అదే నా సిగ్గు.

1998లో 'ఔట్ ఆన్ ఫ్రెటర్నిటీ రో' అనే పుస్తకం వచ్చింది. ఫ్రెటర్నిటీల్లో గడిపిన గే యువకుల స్వానుభవాలవి. దాని గురించి తెలిశాక నాకో సంగతి తట్టింది. గే కుర్రాళ్ళని చేర్చుకోవాలా వద్దా అని లోపల వాదించుకుంటున్నప్పుడు, వాళ్ళు ఆ గదిలోనే కూర్చునుంటారు. పక్కవాడితోపాటు నవ్వుతూనే ఉంటారు! చేర్చుకోవడమంటే తలుపు తియ్యడం ఒక్కటే కాదు, అలా దొంగనవ్వు నవ్వే అవసరం లేకుండా చెయ్యడం కూడా.

లమార్ పాత్రని నవ్వులాటకే వాడుకున్నారు, కాదనను. కానీ అతని మిత్రులు చెయ్యి మార్చుకోమనలేదు, ఈటెని మార్చారు. ఆ ముక్క అప్పుడు మా ఆరుగురిలో ఒక్కడికీ తట్టలేదు... బహుశా వాడికి తప్ప!

వచ్చే సంక్రాంతికి వాడు మా ఇంటికి వస్తున్నాడు. ఆ సినిమా మళ్ళీ చూద్దామంటున్నాడు. ఈసారి ఎక్కడ నవ్వాలో వాడే చెప్పాలి.