కషాయము – క్యాప్సూలు

రోగం వచ్చినప్పుడు మన ప్రాంతపు మనిషి ఒక్క వైద్యుని గడపతోనే ఆగడు. కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి బస్సులో ప్రయాణించే వారి చేతిసంచులు చూడండి. ఒక వైపు ఆసుపత్రి చీటీ, గోలీల పొట్లం. మరొక వైపు తిప్పతీగ ముక్కలో, హకీము సాహెబు ఇచ్చిన చూర్ణమో కనబడక మానవు. దీనిని అజ్ఞానమని కొట్టివేసేవారున్నారు. ప్రాచీన విజ్ఞానమని ఆకాశానికెత్తేవారూ ఉన్నారు. అయితే ఈ రెండు మందులు ఒకే శరీరంలో కలిసినప్పుడు ఏమి జరుగుతుందని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న మా ఇంటిలోనే పుట్టినందున దానిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాను.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరున్నది. 1975లో అక్కడి పిల్లలలో విచిత్రమైన కీళ్ళవాపు కనిపించింది. అది పిడుదు కాటువల్ల వచ్చే వ్యాధి అని తరువాత తేలింది. దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్న సంగతి విల్లీ బర్గ్‌డార్ఫర్, ఆయన సహచరులు 1982లో ప్రకటించినారు. దాని చికిత్సకు ముఖ్యమైన మందులలో డాక్సీసైక్లిన్ ఒకటి. చికిత్స ముగిసిన తరువాత కూడా అలసట, నొప్పులు తీరనివారు కొందరు అక్కడ మూలికలను ఆశ్రయిస్తున్నారు. అనగా మన బస్సులోని చేతిసంచి అమెరికాలోనూ ఉన్నదన్నమాట.

లైమ్ వ్యాధి మన జిల్లా వ్యాధి కాదు. కాని దానికి దూరపు బంధువు వంటి జ్వరం మన తెలంగాణలోనూ కలదు. అదే స్క్రబ్ టైఫస్. పొదలలో, గడ్డిలో ఉండే ఒక జాతి నల్లి పిల్ల కరచినందువల్ల ఇది సంక్రమిస్తుంది. కాటు వేసిన చోట కొందరికి కాలినట్టుగా నల్లని పక్కు కడుతుంది. అది సాధారణంగా చంకలోనో, నడుము దగ్గరనో ఉండి, వెదికితే గాని కనబడదు. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు, మెదడుకు ముప్పు. సకాలంలో గుర్తిస్తే చవకైన డాక్సీసైక్లిన్ చాలు.

ఒక వానాకాలం చివర ఎల్లారెడ్డిలో మా అమ్మీకి ఈ జ్వరమే వచ్చింది. కామారెడ్డిలోని ఒక ఆసుపత్రిలో పక్కును గుర్తించి క్యాప్సూళ్ళు ఇచ్చినారు. మూడు దినాలైనా జ్వరం దిగలేదు. డాక్టరుగారు మంచం పక్కన కూర్చొని, "అమ్మా, ఈ గోలీలు గాక ఇంకేమన్న మందు తింటున్నరా?" అని అడిగినారు. "ఏం లేదు బిడ్డా" అని అమ్మీ తల అడ్డంగా ఊపింది. అప్పుడు మా ఆపా తలగడ క్రింది నుండి చిన్న డబ్బీ తీసి డాక్టరుగారి చేతిలో పెట్టింది. అది కుష్తా-ఎ-ఫౌలాద్, అనగా ఇనుప భస్మం. నీరసానికని వెనుకటి హకీము ఎన్నడో ఇచ్చినది. అమ్మీ దానిని పాలతో కలిపి క్యాప్సూలుతోపాటే మింగుతున్నది.

డాక్టరుగారు కోపగించుకోలేదు. క్యాప్సూళ్ళు ముగిసేవరకు భస్మం ఆపమన్నారు. ఇష్టమైతే అల్లం కషాయం కొద్దిగా త్రాగవచ్చునన్నారు. రెండు దినాలలో జ్వరం దిగింది. ఒక్కరి అనుభవం శాస్త్రం కాజాలదు. భస్మం మానినందువల్లనే దిగిందని నేను వాదించను. కాని కారణం లేకుండా ఆయన ఆ మాట అనలేదు. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులు ఇనుము, కాల్షియం వంటి ధాతువులను పట్టుకొని, పేగులు పీల్చుకోలేని పదార్థంగా మారిపోతాయి. పాలవల్ల డాక్సీసైక్లిన్‌కు కలిగే నష్టం కొంత తక్కువ. ఇనుమువల్ల మాత్రం ఎక్కువ. మందు మింగినట్టే ఉంటుంది, రక్తంలో చేరదు.

ఈ కుటుంబపు మొదటి మందుకూ మన తెలుగు నేలకూ ఒక సంబంధమున్నది. 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది లెడర్లీ సంస్థలో. అక్కడి పరిశోధనకు అధిపతి భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ వ్యాధితో అన్నదమ్ములను పోగొట్టుకొన్న ఆయనను అదే వ్యాధి పట్టినప్పుడు, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికా వెళ్ళినారు. మూలికవల్ల కోలుకొన్న మనిషి నాయకత్వంలోనే మట్టిలోని సూక్ష్మజీవి నుండి యాంటీబయాటిక్ వెలువడింది. ఆయన జీవితంలో ఈ రెండు వైద్యాలకు పగ లేదు. పరీక్ష మాత్రం తప్పలేదు.

పరీక్ష అనేది పాశ్చాత్యుల సొత్తని యునానీ అభిమానులు కొందరు భావిస్తారు. అది సరికాదు. ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో మందును పరీక్షించడానికి నియమాలే ఏర్పరచినాడు. గుర్రంపైనో, సింహంపైనో చూసిన గుణం మానవునిలో ఉండకపోవచ్చు గనుక మానవ శరీరంలోనే పరీక్షించాలన్నది అందులో ఒకటి. 2020లో అమెరికాలో కొందరు పరిశోధకులు లైమ్ సూక్ష్మజీవిని క్రిప్టోలెపిస్ అనే ఆఫ్రికా మూలిక ప్రయోగశాలలో బాగా చంపుతున్నదని చూపినారు. శుభమే. కాని అది గాజుపాత్రలో జరిగిన విజయం. వేయేండ్ల నాటి హకీము నియమం ప్రకారమే అది ఇంకా మందు కాదు.

పరీక్షించి కలిపితే మేలు జరుగుతుందనడానికీ నిదర్శనాలున్నవి. మిరియాలలోని పైపరిన్‌ను జోడించి, 450 మిల్లీగ్రాముల క్షయమందు రిఫాంపిసిన్ పనిని 200 మిల్లీగ్రాములతో చేయించే మాత్రను మన దేశంలోనే తయారు చేసినారు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ కలిపి ఇవ్వడం మేలని 2023లో ప్రకటించింది కూడా సుమారు 800 మంది భారతీయ రోగులను పరిశీలించిన తరువాతనే. రెండు యాంటీబయాటిక్‌లను కలపడానికే ఇంత జాగ్రత్త కావలసివస్తే, పాళ్ళు తెలియని చూర్ణాన్ని తలగడ చాటున కలపడం ఎంత సాహసమో ఆలోచించండి.

అమ్మీ ఎందుకు దాచిందని తరువాత అడిగినాను. "డాక్టరు తిడతడనుకున్న" అన్నది. ఆ హకీము దగ్గరికి పోయినా డాక్టరు మందు మాట చెప్పేది కాదేమో! ఇద్దరు వైద్యుల మధ్య రోగి ఒక్కతే రెండు రహస్యాలు మోస్తున్నది. మందులకంటె ఈ రహస్యం ప్రమాదకరం.

విద్యార్థి మిత్రులారా! మీ ఇండ్లలో ఆసుపత్రి చీటీ చదవగలిగినవారు మీరే. పెద్దవారి నమ్మకాన్ని ఎగతాళి చేయకండి. జ్వరం వచ్చినప్పుడు కషాయంతో దినాలు గడపనీయకండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు చూర్ణపు డబ్బీని కూడా సంచిలో పెట్టుకొని పోయి, డాక్టరుగారి బల్లమీద ఉంచండి. హకీము సాహెబు వద్దకు పోయినప్పుడు గోలీల చీటీని చూపండి. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఒక్కోసారి ప్రాణం నిలబడుతుంది.