మైత్రి
భిలాయి ఉక్కునగరంలో, భారత-సోవియట్ స్నేహానికి గుర్తుగా వెలసిన మైత్రీబాగ్ గేటు పక్కన, ఒక వాననాటి సాయంత్రం వణుకుతున్న కుక్కపిల్లను మా అమ్మాయి ఓణీలో చుట్టి తెచ్చింది. అందుకే దానికి మైత్రి అని పేరు. టీకా వేయించడాన్ని, కార్యాలయంలో దస్త్రాన్ని నెట్టినట్లే, వచ్చే నెలకు నెట్టాను. ఈలోగానే డిస్టెంపర్ సోకింది. ఆ వైరస్‌ను చంపే మందు లేదనీ, ముందుగా వేయించే టీకాయే రక్ష అనీ పశువైద్యుడు చెబుతుంటే తలెత్తలేకపోయాను. పదకొండు రోజులు గంజి, సెలైను; ఆపైన మూర్ఛలు. ఆఖరి సూదికి సమ్మతిపత్రంపై సంతకం నాదే. ఈ ఉద్యోగంలో ఎన్ని సంతకాలు చేయలేదు!

కాశ్మీరంలోని బుర్జహోమ్‌లో నవీన శిలాయుగపు మనుషుల సమాధులలో కుక్కలనూ పూడ్చిన ఆనవాళ్ళు బయల్పడ్డాయని ఒకప్పుడు పరీక్ష కోసం వల్లించాను. పెరట్లో వేపచెట్టు కింద గొయ్యి తవ్వుతుంటే అది స్ఫురించింది. అమ్మాయి దాని పళ్ళెం కూడా లోపల ఉంచింది. నేను వద్దనలేదు.