మా పెద్దమ్మ నిద్ర

మా పెద్దమ్మ, భర్త గతించిన రెండవయేట, నిద్రకు దూరమయ్యెను. రాత్రి రెండు గంటలకు లేచి వంటయింటిలో గిన్నెలు సర్దుట, నాలుగైదు మారులు పెరటిలోనికి పోయివచ్చుట, తెల్లవారిన పిమ్మట చిన్నమాటకే కన్నీరు పెట్టుకొనుట ఆమెకు నిత్యకృత్యము లయ్యెను. పదిమందికి కమ్మగా వండిపెట్టిన మనిషి, చారులో ఉప్పు వేసితినా లేదా యని మమ్ము అడుగజొచ్చెను.

మేము చదువుకొన్నవారము గనుక దయ్యమనలేదు, మనోవ్యాధి యంటిమి. వైధవ్యదుఃఖ మని యొకరు, పనిలేక మనసు పాడుచేసికొనుచున్నదని యొకరు, ఆ వయసు స్త్రీలకు సహజమే యని వేరొకరు తీర్పు చెప్పిరి. ఆ తీర్పరులలో నేనును ఒకతెను. ఒకనాటి రాత్రి గిన్నెల చప్పుడునకు విసిగి, "పెద్దమ్మా, నీవు నిద్రపోవు, మమ్ము నిద్రపోనీయవు" అంటిని. ఆమె బదులు చెప్పలేదు. నాటినుండి చీకటిలో మంచముపై కదలక కూర్చుండెడిది.

మూడేండ్లు నిద్రమాత్రలతో గడచెను. 2017లో నడుమునొప్పికై వైద్యశాలకు పోగా మూత్రపిండములో రాయి యున్నదని తేలెను. అచ్చటి యువ వైద్యురాలు రాయితో తృప్తిపడక రక్తములోని కాల్షియమును కూడ పరీక్ష చేయించెను. డెసిలీటరునకు ఇంచుమించు 8.5 మొదలు 10.5 మిల్లీగ్రాముల వరకు ఉండవలసినది 11.9 ఉండెను. ఆ కాగితము చూచి యామె మమ్ము అడిగిన మొదటి ప్రశ్న, "వీరు రాత్రులు నిద్రపోవుచున్నారా?" యని.

కంఠములో థైరాయిడ్ గ్రంథి వెనుక, సాధారణముగా నాలుగు, బియ్యపు గింజలంతటి పారాథైరాయిడ్ గ్రంథులు కలవు. పేరునకు చుట్టములే గాని పనిలో వేరు. రక్తములో కాల్షియము తగ్గినపుడు ఇవి యొక రసమును విడుచును. అది ఎముకలనుండి కాల్షియమును లాగును, మూత్రముతో పోవుదానిని నిలుపును. చాలినంత కాగానే ఊరకుండుట వీని ధర్మము. వీనిలో ఒకదానికి కంతి పుట్టెనేని (అది క్యాన్సరగుట బహు అరుదు) అక్కర లేకున్నను రసము స్రవించుచునే యుండును. ఎముకలు గుల్లబారును, రాళ్లు పుట్టును. అంతటితో పోదు. నరములకును మెదడునకును కాల్షియము మితముగా నుండవలెను. మితిమీరినచో అలసట, దిగులు, మరపు, నిద్రలేమి కలుగవచ్చును. మూత్రపిండములకు నీటిని నిలుపుకొను శక్తియు తగ్గును. పెద్దమ్మ పెరటి ప్రయాణములకు కారణమిది; మేము దానిని చాదస్తమని నవ్వుకొంటిమి. ముట్లుడిగిన స్త్రీలలోనే ఈ వ్యాధి యెక్కువగా కానవచ్చుననుట గమనింపదగినది. "ఆ వయసు" అను మాటక్రింద ఎన్ని కాల్షియము పరీక్షలు అణగిపోవుచున్నవో!

ఈ గ్రంథిని మొదట గుర్తించినది 19వ శతాబ్దిమధ్యమున లండను జంతుశాలలో చచ్చిన ఖడ్గమృగమునందు. అదియు మన భారతదేశపు ఖడ్గమృగమే. దానిని కోసి చూచినవాడు రిచర్డ్ ఓవెన్. మనుష్యులలో వీనిని వర్ణించి 1880లో ప్రకటించినవాడు స్వీడను దేశీయుడు ఈవార్ సాండ్‌స్ట్రోమ్. 1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండల్ ఒక ట్రాము ఉద్యోగి కంఠమునుండి కంతిని తీసివేసెను. ఇంత కాలముగా లోకమున నున్న జ్ఞానము మా గుమ్మము దాటుటకు ఒక రాయి కావలసివచ్చెను.

పెద్దమ్మకు రసము కూడ హెచ్చుగా నున్నదని తేలినపిమ్మట శస్త్రచికిత్స జరిగెను. మనసునకు సంబంధించిన బాధలు పలువురికి తగ్గును గాని అందరికిని తగ్గవని వైద్యురాలు ముందే చెప్పినది. మూడవ వారమున పెద్దమ్మ తెల్లవారువరకు నిద్రించెను. మరపు కొంత మిగిలినది. పెదనాన్నగారి పటము తుడుచునపుడు నేటికిని కన్నీరు పెట్టును. అది గ్రంథి చేసినది కాదు, దానికి మందు వెదకవలసిన పనియు లేదు.

ఇప్పుడు రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చుట నా వంతైనది. వంటయిల్లు నిశ్శబ్దముగా నుండును. ఆనాటి నా మాట ఆమెకు జ్ఞాపకమున్నదో లేదో అడుగుటకు నాకింకను ధైర్యము చాలలేదు.