ఓడరేవులో ఒక రోజు

తెల్లవారుజామున రైలు విశాఖపట్నం స్టేషనులో ఆగేసరికి నా స్నేహితురాలు ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తూ ఉన్నది. కళాశాలలో మూడేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. కలుసుకొని పన్నెండేళ్ళయింది. సలాములు, కుశలప్రశ్నలు ముగిశాక ఆమె నా చేతిసంచి అందుకొని, “ఈ రోజంతా నీకు ఊరు చూపిస్తాను. సాయంత్రానికి నువ్వు నాకొక సలహా చెప్పాలి” అన్నది. ఏ విషయంలోనో అప్పుడు చెప్పలేదు.

ముందుగా చేపలరేవుకు వెళ్ళాము. వేట ముగించుకొని వచ్చిన మరపడవలు ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచి ఉన్నాయి. గట్టు మీద చందువలు, వంజరాలు, రొయ్యలు కుప్పలుగా పోసి వేలం పాడుతున్నారు. బేరమాడేవారిలో, గంపలకెత్తుకొనేవారిలో స్త్రీలే ఎక్కువగా కనిపించారు. “మగవాళ్ళు సముద్రం మీద ఉన్న రాత్రి వీళ్ళకు నిద్ర పడుతుందంటావా?” అని అడిగింది ఆమె. జవాబు కోసం ఆగకుండానే ముందుకు నడిచింది.

అక్కడి నుండి బీచిరోడ్డుకు వచ్చాము. ఒడ్డు మీద నిలిపిన కుర్సురా జలాంతర్గామిని చూడకుండా విశాఖ నుండి ఎవరూ తిరిగి వెళ్ళరు. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ నౌక 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో సేవలందించి, 2001లో విరమించింది. మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా మారింది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగవలసిందే. గుండ్రని ద్వారాల గుండా వంగి దూరుతూ, గొట్టాల మధ్య, మీటర్ల మధ్య నడుస్తుంటే, ఇంత ఇరుకులో అంతమంది మనుషులు నీటి అడుగున రోజుల తరబడి ఎలా గడిపారా అనిపించింది.

లోపల వివరించేవారిలో నౌకాదళంలో పనిచేసి విరమించినవారు ఉంటారు. తలనెరిసిన అటువంటి పెద్దాయన ఒకరు పడకలు చూపిస్తుంటే నా స్నేహితురాలు, “మీరు ఉద్యోగంలో చేరినప్పుడు మీ అమ్మగారు ఏమన్నారండీ?” అని అడిగింది. ఆయన కాస్త ఆగి, “భయపడిందమ్మా. చివరిదాకా భయపడుతూనే ఉంది. కానీ నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఫోను చేస్తే ‘అన్నం తిన్నావా’ అని మాత్రం అడిగేది” అన్నారు.

జుహర్ వేళకు వన్‌టౌన్‌లో ఉన్న వాళ్ళ ఖాలా ఇంటికి చేరాము. నమాజు, భోజనం అయ్యాక రేవు వైపు నడిచాము. ఇక్కడి మూడు చిన్న కొండల మీద ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నాయి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొనిపోయి రేవుకు అడ్డుగోడలా నిలిచింది. 1933లో ప్రారంభమైన ఈ రేవు ఆ కొండ చాటునే పెరిగింది. స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ 1948లో నీటిలో దిగింది కూడా ఈ ఊరి నౌకానిర్మాణ కేంద్రం నుండే. మేము చూస్తుండగానే ఒక సరుకు ఓడ నెమ్మదిగా బయటికి సాగింది. అది కనుమరుగయ్యేదాకా ఆమె కదలలేదు.

అసర్ తరువాత కైలాసగిరి ఎక్కాము. ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలో కాక మన వెనుక కొండల్లో అస్తమిస్తాడు. ముందు నీరు నల్లబడుతుంది, తరువాత దూరాన లంగరు వేసిన ఓడల్లో దీపాలు వెలుగుతాయి. ఆ దీపాలను చూస్తూ ఆమె నోరు విప్పింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన నాడు ఆమె భర్త సరుకు ఓడ మీద ఎక్కడో దూరసముద్రంలో ఉన్నారు. ఏడేళ్ళ కొడుకును ఒడిలో దాచుకొని ఆమె ఒంటరిగా గడిపింది. కిటికీలు ఊడిపోయాయి. ఫోన్లు మూగబోయాయి. తాను బ్రతికే ఉన్నానని ఆయనకు తెలియజేయడానికి ఎన్నో రోజులు పట్టింది. ఇప్పుడు ఆ కొడుకే ఓడ ఉద్యోగానికి శిక్షణ పొందుతానంటున్నాడు. సీటు వచ్చింది. సోమవారం ఫీజు కట్టాలి. తండ్రి సరేనన్నారు. తల్లి ఇంకా అనలేదు.

“నువ్వేమంటావు?” అన్నది.

నా పిల్లలెవరూ సముద్రం మీదకు వెళ్ళలేదు. ధైర్యం చెప్పే అర్హత నాకున్నదని అనిపించలేదు. అందుకే ఒక ప్రశ్న మాత్రం వేశాను: “నువ్వు వద్దంటే వాడు ఆగిపోతాడా?”

“ఆగిపోతాడు. అదే నా భయం.”

చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. నీటి మీద ఓడలు సాగిపోవటాన్ని అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా ఖుర్‌ఆన్‌లో చెప్పాడు. ఆ సూచన ప్రతి ఓడలోనూ ఒక తల్లి దుఆను కూడా మోసుకుపోతుందని ఆ సాయంత్రం నాకు తోచింది.

మగ్‌రిబ్‌కు ఆలస్యమవుతుందని కొండ దిగుతూ ఉండగా ఆమె ఫోను తీసింది. అవతల కొడుకు పలికాడు. “మీ అబ్బాతో చెప్పు, సోమవారం వెళ్ళి ఫీజు కట్టేద్దాం” అన్నది. గొంతు కొంచెం వణికింది. వెంటనే సర్దుకొని అడిగింది: “అన్నం తిన్నావా?”