ఊరిపేరు పటమెక్కుట

ఊరిపేరు చిన్నమాటగా దోచును. కాని యుత్తరము చేరుటకును, చుట్టము త్రోవ కనుగొనుటకును, రోగికి అంబులెన్సు వేళకు వచ్చుటకును అదియే యాధారము. ఇపుడు జనులు త్రోవను చేతిలోని ఫోనునే యడుగుచున్నారు గనుక, పటమందలి పేరునకు మునుపటికంటె విలువ హెచ్చినది.

2004వ సంవత్సరమున ఇంగ్లండులో స్టీవ్ కోస్టు అనునాయన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటమును ప్రారంభించెను. దీనిని సకలదేశములవారును గూడి వ్రాయుచున్నారు. ఎవరైనను తమ యూరి వీధిని, చెరువును, బడిని అందు చేర్పవచ్చును. ఒకే స్థలమునకు పలుభాషలలో పేరులు వ్రాయుటకు వేర్వేరు గళ్లు గలవు. మా ప్రాంతమున ఖాళీగానున్న తెలుగు గళ్లను నింపుదమని మేము పూనుకొంటిమి.

మాలో హిందూపురమువారును, పెనుకొండవారును, ధర్మవరమువారును గలరు. ఇంగ్లీషు అక్షరములను జూచి తెలుగున వ్రాసిన జాలునని కొందఱనిరి. కాని యా లిపిలో దకార డకారములకు భేదము లేదు. దూరదేశీయుడు రొద్దమును రోడ్డమనియు, ముదిగుబ్బను ముడిగుబ్బయనియు, మడకశిరను మదకసిరయనియు చదువవచ్చును. ఇతర పటములనుండి యెత్తివ్రాయుట నియమవిరుద్ధము. కావున ఆయా యూళ్లనుండి వచ్చు తోడివిద్యార్థుల నోట విని, పంచాయతీ కార్యాలయపు బోర్డును చూచి వ్రాయ నిశ్చయించితిమి.

పెనుకొండకడ గొప్ప చర్చ పుట్టెను. పెను అనగా గొప్ప. 1565వ సంవత్సరపు యుద్ధము పిమ్మట విజయనగరరాజులకు రాజధానియైన యీ పురమునకు సంస్కృతమున ఘనగిరి యని పేరు. ఆ గంభీరమైన పేరే వ్రాయుదమని యొకరు, నేడు జనులు పలుకు పేరే వ్రాయవలెనని మఱియొకరు వాదించిరి. తుదకు పెనుకొండయే నిలిచినది. ఘనగిరికి పాతపేరుల గడిలో చోటున్నది. అక్షరమందును జాగ్రత్త వలయును. పశ్చిమగోదావరి జిల్లాలో వాసవీదేవి క్షేత్రమగు పెనుగొండ గలదు. కకారము గకారమైనచో యాత్రికుడు వేఱొక జిల్లాకు బోవును.

అర్థమును బట్టి పేరును మార్చుట మఱింత ప్రమాదము. క్రియాశక్తి వడయరు తల్లియగు ధర్మాంబ పేర ధర్మవరము వెలసెననియు, మురారిరావు తండ్రియగు హిందోజీరావు పేర హిందూపురము వెలసెననియు ప్రతీతి. ధర్మమును, వరమును విడదీసి వేఱుభాషలోనికి మార్చినచో ఆ తల్లి జ్ఞాపకమే మాసిపోవును. పేరును లిప్యంతరము చేయవలెను గాని భాషాంతరము చేయరాదు.

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఈ మూడు పట్టణములును అనంతపురము జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లాలో జేరెను. పటమున జిల్లా యెల్లలు మాఱినవి, ఊరిపేరులు మాఱలేదు. ప్రభుత్వములు గీతలు మార్చును. పేరులను నిలుపువారు ప్రజలే.

తలిదండ్రులకు మా మనవి యొకటి గలదు. ఏ బోర్డుమీదను లేని కుంటల పేరులు, వంకల పేరులు, గుట్టల పేరులు మీ యింటి వృద్ధులకు దెలిసియుండును. వారిని నేడే యడిగి, పిల్లలచేత వ్రాయించి పంపుడు. వారు గతించిన పిదప అడుగుదమన్నను చెప్పువారుండరు.